సర్వశక్తుడెత్తలేని రాయి



నేను బడిలో పాఠములు చెప్పు దినములలో నొక బాలుడు లేచి, "అయ్యా! దేవుడు తానెత్తలేని రాతిని సృజింపగలడా?" అని యడిగెను. సృజింపగలడన్నచో నెత్తలేనివాడగును, లేడన్నచో నదియు లోపమే. సమాధానము తోచక, కుతర్కమని గద్దించి కూర్చుండబెట్టితిని.

క్రైస్తవ పండితులీ ప్రశ్నను గద్దింపలేదు. దేవుడు చావజాలడు, భ్రమపడజాలడు; అది శక్తిలోపము కాదని అయిదవ శతాబ్దిలో అగస్టీను వ్రాసెను. చావును భ్రమయు దౌర్బల్యములే గదా!

పదుమూడవ శతాబ్దిలో థామస్ అక్వినాస్ మరియొక మెట్టెక్కెను. స్వవచనవిరుద్ధమైనది చేయదగిన పనియే కాదని యాతని మతము. మన తార్కికుల యుదాహరణములతో జెప్పెదను. కుందేటికొమ్ము లోకమున లేదు. దేవుడు తలచిన గలుగవచ్చును. గొడ్రాలి బిడ్డ యన్ననో, మాటలోనే పొసగదు. గొడ్రాలగు శారా ఇస్సాకును గన్నదని బైబిలు చెప్పును. కన్ననాడే యామె గొడ్రాలు గాకపోయెను. సర్వశక్తుడెత్తలేని రాయియు నిట్టి పొసగని మాటయే.

1630లో డెకార్తు మాత్రము, గణితసత్యములు సయితము దైవసంకల్పాధీనములని లేఖలలో వ్రాసెను. ఆ మాట విరోధములకును వర్తించినచో, దేవుడు మాట తప్పియు దప్పనివాడు గావచ్చును. అప్పుడు భక్తుని నమ్మిక దేనిపై నిలుచును? కావున నాకు అక్వినాస్ మార్గమే సమంజసముగ దోచుచున్నది.

ఆ బాలుడిప్పుడెక్కడ నున్నాడో యెరుగను. వినుచున్నచో, నాయనా, నీది కుతర్కము కాదు, నాదే తొందరపాటు.