వేఫర్ లెక్క తప్పితే

2021 ఆగస్టు 31న మారుతీ సుజుకీ ఒక ప్రకటన చేసింది. సెప్టెంబరులో మామూలుగా తయారయ్యే కార్లలో దాదాపు 40 శాతమే తయారు కావచ్చని దాని సారాంశం. కారణం ఇనుమూ కాదు, టైర్లూ కాదు, చిప్పులు. దసరాకి కొత్త కారుతో గుడికి వెళ్దామనుకున్న హైదరాబాద్ అల్వాల్‌లోని ఒక కుటుంబానికి షోరూంలో వాయిదా చెప్పడానికి ఆ కొరత చాలు.

బీజం ఏడాది ముందే పడింది. కొవిడ్ రాగానే కార్ల కంపెనీలు చిప్ ఆర్డర్లు తగ్గించుకున్నాయి. చిప్ ఫ్యాక్టరీల్లో ఆ ఖాళీని ల్యాప్‌టాప్‌ల, ఫోన్ల చిప్పులు నింపేశాయి. కార్లకు గిరాకీ తిరిగొచ్చేసరికి వరసలో వెనక నిలబడాల్సి వచ్చింది. చాలదన్నట్టు 2021 మార్చిలో జపాన్‌లో రెనెసాస్ అనే చిప్ కంపెనీ నాకా ఫ్యాక్టరీ అంటుకుంది.

ఈ వరసను చూసుకునే ఉద్యోగే సప్లై ప్లానర్. ఏ నెలలో ఎన్ని వేఫర్లు మొదలుపెట్టాలో తేల్చడం ఆయన పని. వేఫర్ అంటే సిలికాన్ పళ్లెం, చాలావరకు 300 మిల్లీమీటర్ల వ్యాసముంటుంది. అది వందల దశలు దాటి బయటికి రావడానికే మూడు నెలలు పట్టొచ్చు. ఆపైన చిప్పులకు తొడుగు వేసే ప్యాకేజింగ్, టెస్టింగ్. ఇవన్నీ ఒకే చోట జరగాలనీ లేదు. హైదరాబాద్‌లో పెద్ద డిజైన్ కేంద్రమున్న ఏఎండీ తన ముఖ్యమైన ప్రాసెసర్లను తైవాన్‌లోని టీఎస్‌ఎంసీలో చేయిస్తుంది. ప్యాకేజింగ్‌కు మలేసియాలోని పెనాంగ్‌ కూడా ఒక మజిలీ.

ఒక లెక్క చూద్దాం. లక్ష చిప్పులు కావాలి. వేఫర్‌కు 500 చిప్పులు, వాటిలో 80 శాతం మంచివి అనుకుంటే, 250 వేఫర్లు వేయాలి. ఒక్కో పెట్టెలో 25 చొప్పున పది పెట్టెలు. ఆ 80 శాతం కాస్తా 70కి పడితే చేతికొచ్చేవి 87,500. తగ్గిన 12,500 కోసం మళ్లీ వేఫర్లు వేస్తే, మళ్లీ మూడు నెలలు.

అందుకే అనుభవమున్న ప్లానర్లు సరుకును సగంలో ఆపుతారు. తయారైన వేఫర్లను ప్యాక్ చేయకుండా నైట్రోజన్ నింపిన అరల్లో ఉంచుతారు. దీన్ని డై బ్యాంక్ అంటారు. పిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఇడ్లీలా, దోసెలా అన్నది పొద్దున తేల్చుకోవచ్చు కదా, అదే పద్ధతి. ఏ రకం ప్యాకేజీకి గిరాకీ ఉంటే ఆ రకం చేయిస్తారు, అదీ కొన్ని వారాల్లోనే.

ఎక్కువ వేసినా ముప్పే. కొరత రోజుల ఆర్డర్లను నమ్మడానికి లేదు. కొనేవాళ్లు ఒకే సరుకు కోసం ముగ్గురి దగ్గర ఆర్డర్ పెట్టి, ముందు అందినది తీసుకుని తక్కినవి రద్దు చేస్తారు. 2001లో గిరాకీ కుప్పకూలినప్పుడు సిస్కో 225 కోట్ల డాలర్ల మిగులు సరుకును నష్టంగా రాసుకుంది. తప్పంతా ప్లానర్ నెత్తిన రుద్దడం అన్యాయం, ఆయన చేతికొచ్చిన అంకెలే అలాంటివి.

ఇప్పటి తంటా మెమరీ చిప్పులది. హైదరాబాద్‌లోనూ కేంద్రమున్న మైక్రాన్, ఏఐ డేటా సెంటర్ల గిరాకీ చూసి, 2025 డిసెంబరులో తన క్రూషియల్ బ్రాండ్‌ రిటైల్ వ్యాపారం మానుకుంటున్నట్టు ప్రకటించింది. ఉన్న చిప్పులు పెద్ద ఖాతాదారులకు ముందు. పాత కంప్యూటర్‌కు ర్యామ్ వేయిద్దామని అల్వాల్ నుంచి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లే కుర్రాడు ఆ తర్వాతే.