పిల్లల్ని ఎత్తుకెళ్తున్నారంటూ ఫార్వర్డ్.. విదేశాల్లో ఉద్యోగమంటూ రీల్! వలస వీడియోల్లో నిజమెంత? సిర్గాపూర్ లాంటి ఊళ్లలో ఎవరు నేర్పాలి?

సంగారెడ్డి జిల్లా సిర్గాపూర్. నారాయణఖేడ్ డివిజన్‌లో 2016 జిల్లాల పునర్విభజనతో ఏర్పడిన మండలం. కర్ణాటక బోర్డర్ దగ్గర్లోనే ఉంటుంది. మహారాష్ట్ర కూడా ఎంతో దూరం కాదు. ఇంట్లో తెలుగు, తండాలో లంబాడీ, సంతకు పోతే కన్నడ, మరాఠీ, ఉర్దూ.. ఇన్ని భాషలు వినిపించే ప్రాంతం ఇది. ఫోన్లలోకి వచ్చే వీడియోలు కూడా అన్ని భాషల్లోనూ వస్తాయి. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఈ డివిజన్‌కు వలస అంటే వార్త కాదు, బతుకు. దసరా దాటితే తండాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే చెరుకు నరకడానికి బయలుదేరుతాయి. మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుంటారు, పిల్లల్ని ముసలోళ్ల దగ్గరో సీజనల్ హాస్టల్‌లోనో వదిలి పోతారు. కొందరు హైదరాబాద్‌లో బిల్డింగ్ పనులకు, ఇంకొందరు గల్ఫ్‌కు. 'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అని తెలంగాణలో ఊరికే అనలేదు మరి! ఊరు విడిచి పోయేటోళ్లూ వీళ్లే. బయటి నుంచి కొత్త మనిషి ఊళ్లోకి వస్తే అనుమానంగా చూసేదీ వీళ్లే. ఈ రెండు చోట్లా ఇప్పుడు మధ్యలో దూరింది ఫోన్.

మరి ఫోన్‌లో కనిపించే 'వలస'ను ఎలా చూడాలో ఎవరు చెప్పాలి? యువజన సంఘాల కార్యకర్తలు, ఎన్ఎస్ఎస్ పిల్లలు, మై భారత్ వలంటీర్లు, ఊరి లైబ్రరీ చూసుకునే యువకులు.. వీళ్లకు శిక్షణ ఇచ్చి ఊళ్లలోకి పంపాలన్న ఆలోచన చాలా దేశాల్లో నడుస్తోంది. మన దగ్గర అది ఎందుకు అవసరమో తెలియాలంటే ఒక్కసారి 2018కి వెళ్లాలి.

బోర్డర్ అవతల ఏం జరిగింది?

2018 జులై 13. బీదర్ జిల్లా ఔరాద్ తాలూకా. హైదరాబాద్ నుంచి కారులో వెళ్లిన కొందరు స్నేహితులు దారిలో స్కూలు పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. వాళ్లలో ఒకరు ఖతర్ దేశస్థుడు. అంతే.. 'పిల్లల్ని ఎత్తుకెళ్లేటోళ్లు' అని అనుమానం పుట్టింది. గొడవ జరిగింది, కారు కదిలింది. కానీ కారు కంటే ముందు వీడియో పోయింది! వాట్సాప్ గ్రూప్‌లో చూసిన ముర్కి గ్రామస్థులు రోడ్డుకు అడ్డం పెట్టారు. కారు బోల్తా పడింది. మూక దాడిలో 32 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ప్రాణం పోయింది. గ్రూప్ అడ్మిన్‌తో పాటు పలువురు గ్రామస్థులను పోలీసులు అరెస్ట్ చేశారు.

అదొక్కటే కాదు. అదే ఏడాది మే నెలలో బెంగళూరులో మూక చేతిలో చనిపోయింది రాజస్థాన్ నుంచి పని కోసం వచ్చిన యువకుడు. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో చంపేసింది ఐదుగురిని.. ఊరూరా తిరిగి భిక్షం అడుక్కునే సంచార తెగ మనుషులు వాళ్లు. తెలంగాణలోనూ ఆ ఎండాకాలంలోనే ఇలాంటి దాడులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఈ పేర్లన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కువ మంది భాష రాని చోట దొరికినవాళ్లు, వలస వచ్చినవాళ్లు, దారిన పోయేవాళ్లు. రేపు చెరుకు నరకడానికి పోయిన సిర్గాపూర్ మనిషి కూడా ఇంకో ఊళ్లో అలాంటి 'కొత్త మనిషే' కదా!

అప్పట్లో అందరినీ భయపెట్టిన వీడియో ఒకటి ఉంది. బైక్ మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ని ఎత్తుకుపోతారు. చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. నిజానికి అది పాకిస్తాన్‌లోని కరాచీలో తీసిన అవగాహన ప్రకటన. తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థ కోసం 2016లో చేశారు. అసలు వీడియో చివర్లో వాళ్లు పిల్లాణ్ని తిరిగి తెచ్చి దింపేస్తారు, ఒక సందేశం కూడా చూపిస్తారు. ఆ చివరి ముక్క కట్ చేసి వదిలారు. ఎడిటింగ్‌లో కొన్ని సెకన్లు తీసేస్తే చాలు.. ప్రకటన కాస్తా నేరం అయిపోయింది.

గద్వాలలో ఏం చేశారు?

అదే 2018లో జోగులాంబ గద్వాల జిల్లాలోనూ ఈ పుకార్లు పాకాయి. ఎండాకాలంలో ఆరుబయట పడుకునే జనం తొందరగా ఇళ్లలోకి పోయి తలుపులు వేసుకుంటున్నారని గ్రామాల్లో తిరిగే పోలీసులు గమనించారు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి సర్క్యులర్ పంపి ఊరుకోలేదు. పోలీసులను ఊళ్లలోకి పంపి జనంతో కూర్చోబెట్టారు. డప్పుతో చాటింపు వేయించారు, జానపద కళాకారులతో పాటలు పాడించారు. చదువు రానివాళ్లు కూడా వీడియో చూస్తారు కాబట్టి జవాబు కూడా చెవికి వినిపించేలా ఉండాలన్నది అక్కడి లెక్క. దేశవ్యాప్తంగా దీని గురించి మాట్లాడుకున్నారు. అయితే పుకారు వచ్చిన ప్రతిసారీ పోలీసులే రావాలంటే కుదరదు. ఊళ్లోనే ఉండే మనిషి కావాలి.

పోయేటోళ్లకు వేసే వల

కొత్తవాళ్ల మీద పుకార్లు ఒక రకం. ఊరు విడిచి పోవాలనుకునే యువకుల మీదకు వచ్చే వీడియోలు ఇంకో రకం. వీటికి ప్రచారం తక్కువ, నష్టం మాత్రం తక్కువేం కాదు.

రష్యా కేసు గుర్తుందా? 'బాబా వ్లాగ్స్' అనే యూట్యూబ్ చానల్‌లో రష్యాలో హెల్పర్ ఉద్యోగాలంటూ వీడియోలు వచ్చాయి. నమ్మి వెళ్లిన వాళ్లలో తెలంగాణ యువకులూ ఉన్నారు. తీరా వెళ్లాక కొందరిని ఉక్రెయిన్ యుద్ధంలోకి పంపారు. హైదరాబాద్‌కు చెందిన యువకుడు చనిపోయినట్లు 2024 మార్చిలో మాస్కోలోని భారత రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. అదే నెలలో సీబీఐ కేసు పెట్టి పలు నగరాల్లో సోదాలు చేసింది. అక్కడ చూపించిన వీధులు నిజమే, మాట్లాడిన మనిషి నిజమే. ఒప్పందంలో ఏం రాసి ఉందో మాత్రం వీడియోలో లేదు. 'ఫేక్ వీడియోనా, కాదా' అన్న ఒక్క ప్రశ్న ఇలాంటి చోట పనికిరాదు.

ఇక్కడ అడగాల్సినవి వేరు. "తమ్మీ, ఈ వీడియో చేసినాయనకు పైసలు ఎవరిస్తున్నరు? ఏజెంట్‌కు లైసెన్స్ ఉందా?" విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంట్లు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి. ఆ జాబితా కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఏజెంట్ తీసుకోదగ్గ సర్వీస్ చార్జీ గరిష్టంగా 30 వేల రూపాయలు, ఆపైన జీఎస్టీ. లక్షలు అడిగాడంటే అక్కడే ఆగాలి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలకు మనుషులను ఎంపిక చేసి పంపుతుంది. యువ కార్యకర్తకు ఈ నాలుగు విషయాలు నోటికి రావాలి. సందేహం వచ్చిన పిల్లాడు వెతుక్కుంటూ నారాయణఖేడ్ దాకా పోడు, పక్కింటి అన్ననే అడుగుతాడు.

ఒకే సంఘటన.. రెండు హెడ్డింగులు

శిక్షణలో వాడుకోవడానికి సంగారెడ్డి జిల్లాలోనే మంచి ఉదాహరణ ఉంది. 2020 లాక్‌డౌన్. కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్‌లో బిల్డింగ్ పనులు చేసే ఇతర రాష్ట్రాల కార్మికులు ఏప్రిల్ 29న రోడ్డెక్కారు. జీతాలు రాలేదు, ఇళ్లకు పంపండి అన్నది వాళ్ల డిమాండ్. పోలీసులతో ఘర్షణ జరిగింది, పోలీసులకు గాయాలయ్యాయి. రెండు రోజులకే, మే 1 తెల్లవారుజామున లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు దాదాపు 1,200 మందితో రైలు కదిలింది. వలస కార్మికుల కోసం దేశంలో నడిచిన మొదటి శ్రామిక్ స్పెషల్ అదే.

ఈ సంఘటనకు 'పోలీసులపై వలస కూలీల దాడి' అని హెడ్డింగ్ పెట్టొచ్చు. 'జీతాల కోసం కార్మికుల ఆందోళన' అనీ పెట్టొచ్చు. రెండూ అబద్ధం కాదు. కానీ చూసేవాళ్లకు మిగిలే బొమ్మ పూర్తిగా వేరు. యువ కార్యకర్తల చేత ఈ రెండు హెడ్డింగులూ రాయించి, ఒక్కోదానికి ఏ విజువల్ పెడతారో అడిగితే చాలు.. గంట ఉపన్యాసం చెప్పలేనిది అర్థమవుతుంది. ఎవరి బైట్ ఉంది, ఎవరిది లేదు? కార్మికుడు నోరు తెరిచి మాట్లాడాడా, లేక కేవలం పరిగెత్తే గుంపుగానే కనిపించాడా? టీవీ చానళ్లు కూడా ఈ పరీక్షకు దొరకాల్సిందే. పాత ఫైల్ షాట్స్ మీద కొత్త బ్రేకింగ్ నడిపే అలవాటు అందరికీ తెలిసిందే కదా!

ఇంకో సంగతి. 'ఫేక్ న్యూస్' అన్న మాటను ఎవరు వాడుతున్నారో కూడా చూడాలి. లాక్‌డౌన్ ఎన్నాళ్లుంటుందనే దానిపై ఫేక్ న్యూస్ వల్లే కార్మికులు భయపడి భారీగా వలస వెళ్లారని కేంద్ర హోంశాఖ 2020 సెప్టెంబరులో లోక్‌సభకు రాతపూర్వకంగా చెప్పింది. అదే నెలలో, దారిలో చనిపోయిన వలస కార్మికుల లెక్కలు తమ దగ్గర లేవని కార్మిక శాఖ చెప్పింది. పుకార్లు ఉన్న మాట నిజమే. పని పోయిందీ, చేతిలో పైసలు లేనిదీ అంతే నిజం. జనం నడిచింది వాట్సాప్ చూసి మాత్రమే అనుకుంటే సగం కథే చూసినట్టు.

ఒక్కరోజు క్లాస్‌తో అవుతుందా?

కాదంటున్నాయి పరిశోధనలు. 2019 లోక్‌సభ ఎన్నికల సమయంలో బిహార్‌లోని గయలో ఇంటింటికీ వెళ్లి గంటసేపు నేర్పి చూశారు. తర్వాత పరీక్షిస్తే సగటున పెద్ద తేడా కనిపించలేదు. ఆ తర్వాత అదే బిహార్‌లో గ్రామీణ లైబ్రరీల్లో 13 వేలకు పైగా విద్యార్థులతో ఇంకో అధ్యయనం జరిగింది. ఈసారి కొన్ని వారాల పాటు మళ్లీ మళ్లీ క్లాసులు పెట్టారు, ఇంటి పని ఇచ్చారు. పిల్లలు నిజాన్నీ అబద్ధాన్నీ మెరుగ్గా గుర్తుపట్టారు. నెలల తర్వాత చూసినా ఆ తేడా నిలిచింది. ఇంట్లో తల్లిదండ్రుల మీద కూడా ప్రభావం కనిపించింది. ఫ్లెక్సీ కట్టి, ఫొటో దిగి, టిఫిన్ పెట్టి పంపే ఒక్కరోజు అవగాహన సదస్సుకు దీన్నిబట్టి మార్కులు వేసుకోవచ్చు.

నేర్పే పద్ధతికి బయటి దేశాల పాఠాలే అక్కర్లేదు. ఇదే జిల్లాలో, జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. అక్కడ బడికి పోని దళిత మహిళలు కెమెరా పట్టి సినిమాలు తీశారు. మాచ్‌నూర్‌లో వాళ్లు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న మొదలైంది. తన చేత్తో వీడియో కట్ చేసిన మనిషికి కటింగ్ ఎలా మోసం చేస్తుందో ఎవరూ చెప్పక్కర్లేదు. యువ కార్యకర్తల శిక్షణలో మొదటి పని కూడా ఇదే కావాలి. ఫోన్‌తో ఒక మనిషి మాటలు రికార్డ్ చేసి, మధ్యలో ఒక వాక్యం తీసేసి, అర్థం ఎంత మారిందో వాళ్లే చూడాలి. కరాచీ వీడియోలో జరిగింది అప్పుడు బుర్రకెక్కుతుంది.

తర్వాత ఊళ్లో పని. పెద్దవాళ్లతో వాదించి 'నీకు తెల్వదు' అంటే ఫోన్ పక్కన పెట్టేస్తారు, అంతే. "అవ్వా, ఈ వీడియో ఎవరు పంపిండ్రు? వాళ్లు కళ్లతో చూసిండ్రా? ఇందులో మాట్లాడే భాష ఏంది?" అని అడగాలి. భాష ప్రశ్న చాలా పనిచేస్తుంది. సిర్గాపూర్ చుట్టుపక్కల మరాఠీకి, కన్నడకు తేడా పట్టేవాళ్లు ప్రతి తండాలో ఉంటారు. 'మన పక్క ఊళ్లోనే జరిగింది' అని వచ్చిన వీడియోలో ఎక్కడిదో యాస వినిపిస్తే గుట్టు అక్కడే బయటపడుతుంది. ఫార్వర్డ్ గుర్తు చూడటం కూడా నేర్పాలి. 2018 దాడుల తర్వాతే వాట్సాప్ ఆ గుర్తు తెచ్చింది, మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకే ఫార్వర్డ్ అని పరిమితి పెట్టింది.

టైమింగ్ కూడా ముఖ్యమే. దసరా తర్వాత శిక్షణ మొదలుపెడితే తండాల్లో చాలా ఇళ్లకు తాళాలే ఉంటాయి. జూన్‌లో బడులు తెరిచినప్పుడు మొదలుపెట్టి, పండగ లోపు నాలుగైదు సార్లు కూర్చోగలిగితేనే చెరుకు తోటలకు పోయేవాళ్లకు అందుతుంది. పోయినవాళ్ల కోసం తండా గ్రూప్‌లో లంబాడీలో రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టొచ్చు. పుకారు వచ్చిన గ్రూప్‌లోనే జవాబు కూడా వినిపించాలి.