మీకు తెలుసా? బెంగళూరు పొలాల్లో కంపెనీ చూపు పడిన జనుము

బ్రిటిష్ నౌకాదళపు తాళ్లకు వాడే హెంప్, అనగా గంజాయి మొక్క కాండం నుంచి తీసే నార, అత్యధికంగా రష్యా నుంచి వచ్చేది. యుద్ధాలతో ఆ సరఫరాకు ముప్పు ఏర్పడగా, ఈస్టిండియా కంపెనీ గంజాయితో బంధుత్వమే లేని, చిక్కుడు కుటుంబానికి చెందిన జనుమును ‘సన్ హెంప్’ పేరిట ప్రత్యామ్నాయంగా పరిశీలించింది. మైసూరు పాలకుడు టిప్పు సుల్తాన్ పతనానంతరం, 1800లో గవర్నర్ జనరల్ వెల్లెస్లీ ఆదేశంపై ఆ రాజ్యంలో పర్యటించిన ఫ్రాన్సిస్ బుకానన్, బెంగళూరు పరిసరాల్లో జనుము సాగునూ, ఆ నారతో గోనె నేసేవారినీ నమోదు చేశాడు. కాబట్టి కంపెనీ ‘కనుగొన్నది’ స్థానిక రైతుకు అప్పటికే తెలిసిన పంటనే. సామర్లకోటలో పనిచేసి తర్వాత కలకత్తా వెళ్లిన కంపెనీ వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్, అక్కడి వృక్షశాస్త్ర తోటలో ఇటువంటి నారల బలాన్ని బరువులతో పరీక్షించాడు. జనుమును నేడు ఎక్కువగా పచ్చిరొట్ట ఎరువుగా పొలంలోనే కలియదున్నుతున్నారు.