రుషికొండలో మునిగారా? అరకు మర్నాడు చూసుకోండి!

ఎండాకాలం వస్తే వాతావరణ వార్తల్లో రెంటచింతల పేరు మారుమోగుతుంది. గురజాల, మాచర్ల, నరసరావుపేటల్లో పొద్దెక్కేసరికి రోడ్లు ఖాళీ. పిల్లలకు సెలవులివ్వగానే చల్లటి చోటు కోసం వెతుకులాట మొదలవుతుంది. ఆ వెతుకులాటలో విశాఖది ముందు వరస. ఇదివరకు కైలాసగిరి, బొర్రా గుహలు, అరకు చూసి వచ్చేసేవారు. ఇప్పుడు కుర్రకారు జాబితాలో రుషికొండ దగ్గర స్కూబా డైవింగ్ కూడా చేరింది. ఉన్నది రెండ్రోజులు కాబట్టి అన్నీ ఇరికిస్తారు. రాత్రి బస్సు, తెల్లారగానే సముద్రం, మధ్యాహ్నం భోంచేసి ఘాట్ రోడ్డెక్కితే చీకటి పడేలోగా అరకు.

ఖర్చు లెక్కలో ఇది బాగానే ఉంది. ఒంటి లెక్కలోనే తేడా కొడుతుంది.

నేల మీద మనపై ఉండేది ఒక వాతావరణ పీడనం. సముద్రంలో పది మీటర్లు దిగితే అది రెండవుతుంది, ముప్ఫై మీటర్ల దగ్గర నాలుగు. సిలిండర్ నుంచి పీల్చే గాలి కూడా అంతే ఒత్తిడితో ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. గాలిలో 78 శాతం నైట్రోజనే. శరీరానికి దాంతో పనిలేదు. రక్తంలో, కొవ్వులో, కీళ్ల చుట్టూ కరిగి ఊరికే కూర్చుంటుంది. డైవర్ నిదానంగా పైకొస్తే శ్వాసతో పాటు బయటికి పోతుంది. గబగబా వస్తే ఎక్కడిదక్కడే బుడగలు కడుతుంది. భుజంలో బుడగ పుడితే నొప్పి, వెన్నుపాములో పుడితే కాళ్లు పడిపోవచ్చు. వైద్యులు డీకంప్రెషన్ సిక్‌నెస్ అంటారు, డైవర్లు బెండ్స్ అంటారు.

ఈ జబ్బు ఒకప్పుడు బాగా పట్టి పీడించింది వంతెనలు కట్టే కూలీలను. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన పునాదుల కోసం నది అడుగున, ఒత్తిడి గాలి నింపిన పెట్టెల్లో పనిచేసి పైకొచ్చినవాళ్లు నొప్పులతో మెలికలు తిరిగిపోయేవారు. చీఫ్ ఇంజినీర్ వాషింగ్టన్ రోబ్లింగ్ సైతం 1872లో దీని బారినపడి మంచానికి అతుక్కుపోయాడు. నైట్రోజన్ బుడగలే కారణమని 1878లో ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెర్ట్ తేల్చాడు. ఎలా పైకి రావాలో చెప్పినవాడు బ్రిటన్‌కు చెందిన జాన్ స్కాట్ హాల్డేన్. మేకలను పీడన గదిలో పెట్టి, ఒత్తిడిని మెట్లుమెట్లుగా తగ్గిస్తూ పరీక్షించి, 1908లో పట్టికలు ప్రచురించాడు. ఇవాళ డైవర్ల మణికట్టు మీదుండే చిన్న కంప్యూటర్ల లెక్కలకు మూలం ఆ మేకల దొడ్డే.

పైకొచ్చే తీరే కాదు, తాగే మంచినీళ్లూ ఈ జబ్బు లెక్కలోకి వస్తాయి. ఎలాగంటారా? ఊపిరితిత్తుల దాకా నైట్రోజన్‌ను మోసుకెళ్లాల్సింది రక్తం. ఒంట్లో నీరు తగ్గితే రక్తం పరిమాణం తగ్గుతుంది, ఆ మోత మందగిస్తుంది. పల్నాడు నుంచి బయల్దేరినవాళ్ల విషయంలో ఈ కొరత ఇంటి దగ్గరే మొదలవుతుంది. పగలంతా ఎండలో చెమట కక్కి, నాలుగు వందల కిలోమీటర్లకు పైగా బస్సులో కూర్చోవాలి. మధ్యలో బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియదు కాబట్టి నీళ్ల సీసా మూత తీయరు. ఆడవాళ్లయితే మరీనూ. తెల్లారి తీరానికి చేరాక వెట్‌సూట్‌లో ఉండగా మూత్రం వస్తే ఎట్లా అని మళ్లీ గొంతు తడపరు. పడవ మీద ఎండలో ఆ నల్లటి రబ్బరు తొడుగు బిగించుకున్నాక లోపల చెమట ధార కడుతుంది. కెరటాలకు కడుపులో తిప్పి వాంతయితే ఉన్నదీ పోతుంది.

నీళ్లలో దిగాక సంగతి ఇంకొకటుంది. చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి, చల్లదనానికి చేతుల్లో కాళ్లలో రక్తం ఛాతీవైపు సర్దుకుంటుంది. ఒంట్లో నీరెక్కువైందని శరీరం పొరబడి మూత్రపిండాలకు పని పెడుతుంది. డైవర్లకు మాటిమాటికీ మూత్రం రావడం అందుకే. పైగా సిలిండర్‌లోది తేమ తీసేసిన పొడిగాలి. పీల్చే ప్రతిసారీ ఊపిరితిత్తుల్లోని తడి కొంత లాక్కుపోతుంది. ముందు రాత్రి మద్యం పుచ్చుకుంటే ఈ నష్టాలన్నిటికీ మరొకటి తోడు.

ఇదంతా ఊహ కాదు. అమెరికా పరిశోధకులు పందుల మీద చేసి 2006లో ప్రచురించిన ప్రయోగంలో, నీరు తగ్గించినవాటికి ప్రాణాంతకమైన బెండ్స్ ఎక్కువగా వచ్చింది. ఫ్రాన్స్‌లో ఎనిమిది మంది సైనిక డైవర్లకు డైవింగ్‌కు ముందు ఉప్పు, చక్కెర కలిసిన పానీయం 1300 మిల్లీలీటర్లు తాగించి చూస్తే, ముప్ఫై మీటర్ల నుంచి పైకొచ్చాక రక్తంలో బుడగలు తగ్గాయి. ఆ ఫలితం 2009లో అచ్చయింది.

అలాగని దిగేముందు రెండు లీటర్లు గటగటా దించేయకూడదు. అతిగా తాగితే మునిగి ఉండగా ఊపిరితిత్తుల్లోకి నీరు చేరే ముప్పుంది. ముందు రోజు నుంచే కొద్దికొద్దిగా తాగాలి. మజ్జిగ, కొబ్బరినీళ్లు, ఓఆర్ఎస్ ఏదైనా సరే. మూత్రం లేత పసుపులో ఉంటే చాలు. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పుకోవాలి: ఎన్ని నీళ్లు తాగినా, లోతులో ఎక్కువసేపు ఉండి బాణంలా పైకొచ్చినవాణ్ని అవి కాపాడలేవు. నిమిషానికి తొమ్మిది మీటర్లకు మించకుండా పైకి రావడం, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం, ఈ రెండూ అన్నిటికన్నా ముందు. మొదటిసారి దిగేవాళ్లను శిక్షకులు పన్నెండు మీటర్లు దాటనివ్వరు, కాసేపటికే పైకి తెస్తారు. ఆ లోతులో ప్రమాదం బాగా తక్కువ. భయపడి మానుకోవాల్సిన పనిలేదు.

లోతు పెరిగితే ఏమవుతుందో తెలుగునేల 2019లో చూసింది. ఆ ఏడాది సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో రాయల్ వశిష్ట బోటు మునిగినప్పుడు, నౌకాదళం గజ ఈతగాళ్లున్నా నేరుగా వెళ్లి బోటును పట్టుకోలేకపోయారు. రెండు వందల అడుగుల పైచిలుకు లోతు, సుడులు, బురదనీరు. వినోదానికి చేసే డైవింగ్‌కు హద్దు నలభై మీటర్లు, అంటే నూట ముప్ఫై అడుగులే. చివరికి, మునిగిన పడవలను వెలికితీసే ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న బోటును ఒడ్డుకు చేర్చింది. అంతకన్నా లోతు పనుల కోసమే విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన ఐఎన్ఎస్ నిస్తార్ 2025 జులై 18న నౌకాదళంలో చేరింది. అందులోని డైవర్లు మూడు వందల మీటర్ల దాకా వెళ్లగలరు. వాళ్లు ఓడ మీది పీడన గదుల్లోనే రోజుల తరబడి ఉండి, పని ముగిశాక మళ్లీ రోజుల తరబడి ఒత్తిడి తగ్గించుకుని బయటికొస్తారు.

ఇప్పుడు అరకు సంగతి. సముద్రమట్టానికి అది సుమారు తొమ్మిది వందల మీటర్ల ఎత్తు, దారిలో ఘాట్ అంతకన్నా పైకి వెళ్తుంది. పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. రుషికొండలో కరిగిన నైట్రోజన్ ఇంకా ఒంట్లో ఉండగానే కొండెక్కితే, నీళ్లలో నిదానంగా పైకొచ్చి సంపాదించిన జాగ్రత్త రోడ్డు మీద పోగొట్టుకున్నట్టే. విమానానికీ ఇదే సూత్రం. ఒక్కసారి దిగినవాళ్లు కనీసం 12 గంటలు, పలుమార్లు దిగినవాళ్లు 18 గంటలు ఆగాలని డైవింగ్ వైద్యుల సూచన. అండమాన్ వెళ్లి స్వరాజ్ ద్వీప్‌లో డైవ్ చేసేవాళ్లు ఆఖరి రోజును ఖాళీగా ఉంచుకోవాల్సింది అందుకే. విశాఖలోనైతే వరస తిప్పితే సరి: ముందు అరకు, చివర్లో సముద్రం. పల్నాడుకు తిరిగొచ్చే దారిలో కొండలెక్కే పని లేదు.

తేడా చేస్తే ఎంతసేపట్లో తెలుస్తుంది? అమెరికా నౌకాదళం లెక్కల్లో 42 శాతం మందికి మొదటి గంటలోనే, 98 శాతం మందికి 24 గంటల్లోగా లక్షణాలు కనబడ్డాయి. అంటే కొందరికి ఇల్లు చేరాకే తెలుస్తుంది. భుజం లాగడం, ఒళ్లంతా దురద, చర్మం మీద ఎర్రటి మచ్చలు, కాళ్లలో తిమ్మిరి, ఎన్నడూ లేనంత నీరసం. ప్రయాణం బడలిక అనుకుని నొప్పి మాత్ర వేసుకుని పడుకుంటారు. నరసరావుపేటలో డాక్టరుకైనా, సముద్రంలో మునిగొచ్చారని ఎలా తెలుస్తుంది? ఎంత లోతుకు, ఎంతసేపు, ఎన్ని గంటలకు పైకొచ్చారన్నది రోగే నోరు విప్పి చెప్పాలి. వెంటనే నూరు శాతం ఆక్సిజన్ పెట్టించుకోవాలి. డైవింగ్ చేయించిన శిక్షకులకు ఫోన్ చేసి, దగ్గర్లో రీకంప్రెషన్ చాంబర్ ఎక్కడుందో కనుక్కోవాలి. అందులో మళ్లీ పద్దెనిమిది మీటర్ల లోతు ఒత్తిడికి తీసుకెళ్లి, ఆక్సిజన్ ఇస్తూ దాదాపు ఐదు గంటల పాటు నెమ్మదిగా పైకి తెస్తారు. ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా ఈ చికిత్సతో కోలుకున్నవాళ్లున్నారు. కాబట్టి మర్నాడు అనుమానం వచ్చినా ఇక లాభం లేదని ఊరుకోకండి.