ఒక ఏటవాలు గీత

కవులు చంద్రునికి పెట్టిన పేర్లలో తడిపేర్లకు కొదవ లేదు. సుధాకరుడు, హిమకరుడు, అమృతాంశువు. వెన్నెల సోకినంతనే చంద్రకాంతశిలలు నీరు స్రవించునని కావ్యములలో వర్ణనలు కలవు. ఇరువదవ శతాబ్దపు శాస్త్రజ్ఞులు మాత్రము చంద్రుని ఎండునేలగా తేల్చినారు. 1969 మొదలు 1972 వరకు అపోలో యాత్రికులు తెచ్చిన రాళ్ళలో తడిజాడ కొంచెము కనబడకపోలేదు. కాని రాళ్ళు తెచ్చిన పెట్టెలలో కొన్నింటి మూతలు సరిగా బిగియలేదు. అందుచేత అది భూమిమీది గాలితేమయే అయి యుండునని పరీక్షకులు దానిని త్రోసిపుచ్చినారు. ధ్రువములయొద్ద ఎన్నడును ఎండ సోకని గోతులలో మంచు ఉండవచ్చునను ఊహ అపోలో యాత్రలకు పూర్వమే బయలుదేరినది గాని, ఎండ తగులు నేలపైన తడిని వెదకినవారు అరుదు.

2009 సెప్టెంబరు 24వ తేదీన అమెరికాలోని 'సైన్స్' పత్రిక మూడు పరిశోధన పత్రములను ఒక్కమారుగా వెలువరించినది. అందులో ఒకటి మన చంద్రయాన్-1 కొలతలపై ఆధారపడినది. 2008 అక్టోబరు 22 ఉదయమున శ్రీహరికోట తీరమునుండి బయలుదేరిన నౌక అది. "చంద్రునిపై నీరు" అని దినపత్రికలు పెద్ద అక్షరములలో ప్రకటించినవి. ఆ వార్త అబద్ధము కాదు. కాని ఆ పత్రముయొక్క శీర్షికలో నీరు ఒంటరిగా లేదు. అక్కడ అచ్చయినది "ఓహెచ్/హెచ్2ఓ" అని. రెంటి నడుమ ఒక ఏటవాలు గీత. పరిశోధకులు తూచి పెట్టిన ఆ గీతయే వార్తలలో అన్నిటికంటె ముందు ఎగిరిపోయినది.

ఈ యాత్ర శాస్త్రమునకు ఏమి సంపాదించి పెట్టినదో తరగతిలో చెప్పదలచిన ఉపాధ్యాయుడు నౌక బరువుతోను, రాకెట్టు పొడవుతోను ఆరంభింపనక్కరలేదు. ఆ శీర్షికను నల్లబల్లమీద వ్రాసి, గీతయొద్ద ఆగిన చాలును. ఆ గీత యెందుకని పిల్లలే అడుగుదురు.

చంద్రయాన్-1 మోసికొనిపోయిన పదునొకండు పరికరములలో 'ఎమ్3' అనునది అమెరికా దేశపు నాసా సంస్థ ఇచ్చినది. దాని పని ఖనిజములను గుర్తించుట. నీటిని వెదకుట దాని ముఖ్యోద్దేశము కాదు. చంద్రుని నేలపై పడి తిరిగివచ్చు సూర్యకాంతిని అది వన్నెలుగా విడదీసి చూచును. ఒక్కొక్క ఖనిజము కాంతిలో కొంత భాగమును మింగివేయును. ఏ భాగము లోపించినదో చూచి, మింగిన దేదో చెప్పవచ్చును. మీటరులో పదిలక్షవ వంతును మైక్రాను అందురు. 2.8 మైక్రానులు మొదలు 3 మైక్రానుల వరకు గల కాంతిలో, కంటికి కనబడని ఆ భాగములో, కొరత కానవచ్చినది. ఆక్సిజను పరమాణువుతో హైడ్రోజను పరమాణువు ముడిపడియున్న చోట ఇట్టి కొరత కలుగును. ఆ ముడి నీటిలోను ఉన్నది, హైడ్రాక్సిలులోను ఉన్నది. నీటిలో ఒక ఆక్సిజనుకు రెండు హైడ్రోజనులు, హైడ్రాక్సిలులో ఒక్కటే. హైడ్రాక్సిలు రాతిలో ఇమిడి యుండునది, త్రాగుటకు పనికిరానిది. పైగా ఎమ్3 చూపు సరిగా 3 మైక్రానులయొద్ద ఆగిపోవును. కొరత అంతకు మించి సాగుచున్నదో లేదో దానికి తెలియదు. కనుకనే గీత.

మొదట పరిశోధకులు అనుమానించినది చంద్రుని కాదు, తమ యంత్రమును. ఆచార్య పీటర్స్ నాయకత్వమున ఆ బృందము కొలతలను నెలల తరబడి సరిచూచినది. లోపము దొరకలేదు. అప్పుడు సాక్ష్యము కొరకు ఇతరుల దస్త్రములను ఆశ్రయింపవలసి వచ్చినది. శనిగ్రహమునకు పోవుచున్న కాసినీ నౌక 1999 ఆగస్టులో చంద్రుని ప్రక్కగా సాగిపోవుచు కొన్ని కొలతలు తీసికొన్నది. పదేండ్లనాటి ఆ కొలతలలో అదే కొరత ఉన్నది. తోకచుక్క దారిలో ఉన్న డీప్ ఇంపాక్ట్ నౌక 2009 జూనులో చంద్రునివైపు చూచినది. దానికిని అదే కొరత కానవచ్చినది. అంతేకాక, కొరత ఉదయ సాయంకాలములందు హెచ్చుగాను, మధ్యాహ్నమున తక్కువగాను ఉన్నది. ఈ మార్పును పత్రములో వివరించిన శాస్త్రజ్ఞురాలి పేరు జెస్సికా సన్‌షైన్. సూర్యకాంతి అని అర్థము. ఇంతటి సార్థకనామము అరుదు. సూర్యునినుండి వెలువడు హైడ్రోజను కణములు చంద్రుని మట్టిలోని ఆక్సిజనుతో కలిసి ఈ తడిని పుట్టించుచున్నవని ఊహించుటకు ఆ హెచ్చుతగ్గులు ఆధారమైనవి. మూడు నౌకలు, మూడు యంత్రములు ఒక్క మాట చెప్పిన పిమ్మటనే మూడు పత్రములును వెలువడినవి.

అప్పటికి చంద్రయాన్-1 లేదు. రెండేండ్లు పనిచేయగలదనుకొన్న నౌకతో 2009 ఆగస్టు 29న సంబంధము తెగిపోయినది. యాత్ర అర్ధాంతరముగా ముగిసెనని విచారించినవారు చాలమంది. శాస్త్రమునకు కావలసిన కొలతలు మాత్రము ఆ సరికే భూమికి చేరియున్నవి.

ఎంత నీరని పిల్లలు తప్పక అడుగుదురు. పైపై మట్టి ఒక టన్ను పోగుచేసినచో ఎక్కువలో ఎక్కువ ఒక లీటరు రావచ్చునని నాటి అంచనా. చెరువులను ఊహించుకొన్నవారికి ఇది ఆశాభంగమే. అయినను "ఎక్కువలో ఎక్కువ" అన్న మాటను, "రావచ్చును" అన్న మాటను విడిచిపెట్టి చెప్పినచో అది ఆ పత్రము కాదు, మరియొక కథ.

2008 నవంబరు 14న చంద్రయాన్-1నుండి విడివడి చంద్రునిపై పడిన చిన్న పేటికను చాలమంది దానిపై చిత్రించిన మువ్వన్నెల జెండాను బట్టి జ్ఞాపకముంచుకొన్నారు. పడుటకు పట్టిన ఇరువదియైదు నిమిషములలో అందలి భారతీయ పరికరము పరమ పలుచనైన అక్కడి వాయుకణములను తూచినది. దాని లెక్కలలో 18వ సంఖ్యయొద్ద ఒక శిఖరము లేచినది. 18 నీటి అణుభారము. ఈ సంగతి తెలిపిన పత్రము 2010లో వెలువడినది. జెండాతోపాటు ఆ 18ని కూడ చెప్పదగును.

కొలతలు అంతటితో ఊరకుండలేదు. నౌక మూగవోయిన తొమ్మిదేండ్లకు, 2018లో, ఎమ్3 దస్త్రములనే మరల శోధించి, ధ్రువప్రాంతపు నీడగోతులలో పైకి తేలియున్న మంచును గుర్తించినారు. గీత సంగతి తేలుటకు మరి రెండేండ్లు పట్టినది. విమానములో దూరదర్శినిని అమర్చిన సోఫియా అను వేధశాల 6 మైక్రానుల కాంతిలో చంద్రుని చూచినది. అక్కడ కానవచ్చునది ముడి సాగుట కాదు, నీటి అణువులోని రెండు హైడ్రోజనులు ఒకదానివైపు ఒకటి వంగి మరలుట. ఒక్క రెక్క గల పక్షి రెండు రెక్కలను కలిపి ముడువజాలదు; హైడ్రాక్సిలుకు ఆ కదలిక లేదు. క్లేవియస్ అను పెద్ద గోతి ప్రాంతమున ఆ జాడ దొరికినది. ఘనపు మీటరు మట్టిలో మూడువందల యేబది మిల్లీలీటర్ల వంతున నీరు ఉన్నదని 2020 అక్టోబరులో ప్రకటించినారు.

ఆ ఒక్క చోట గీతకు కుడివైపున నీరు నిలిచినది. తక్కిన నేలలో చాల భాగమునకు గీత ఇంకను అట్లే ఉన్నది.