ఈస్టర్ తర్వాత నలభై రోజులు



క్రిస్మస్ ఎప్పుడంటే మన హాస్టల్లో ఎవరైనా చెప్తారు, డిసెంబర్ 25 అని. మరి ఈస్టరో? 2025లో ఏప్రిల్ 20న వచ్చింది. 2026లో ఏప్రిల్ 5న. "మీ పండుగకు ఒక తారీఖు లేదేందిరా?" అని మా రూంలో ఒకడు అడిగాడు. లేకేం, ఉంది. అది కూడా పున్నమిని బట్టి వచ్చే పండుగే. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి దాటిన ఆదివారమే ఈస్టర్. యేసు ప్రభువు సమాధిలోంచి తిరిగి లేచిన రోజు అన్నమాట.

మన తెలుగువాళ్లు దీన్ని ఎలా చేస్తారో చూడండి. ముందు నలభై రోజులు శ్రమకాలం. కొందరు ఉపవాసం ఉంటారు. ఆఖరి వారంలో మట్టల ఆదివారం, గుడ్ ఫ్రైడే వస్తాయి. ఈస్టర్ నాడు ఇంకా చీకటి ఉండగానే చాలామంది సమాధుల దగ్గరికి పోతారు. సమాధులకు ముందే సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. తెల్లవారేసరికి పాటలు మొదలవుతాయి. చనిపోయినవాళ్లు కూడా లేస్తారనే ఆశతోనే ఆ దీపాలు.

అంతటితో పండుగ అయిపోయిందని అనుకుంటాం. కానీ కాలేదు. మెదక్ చర్చి చూసినవాళ్లు గుర్తు చేసుకోండి. 1924 డిసెంబర్ 25న ప్రారంభమైన ఆ చర్చిలో మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి. ఒకదాంట్లో యేసు పుట్టుక, ఒకదాంట్లో సిలువ, ఒకదాంట్లో పరలోకానికి వెళ్లడం. ఆయన లేచిన తర్వాత నలభై రోజులు శిష్యులకు కనబడ్డాడని, ఆ తర్వాతే వెళ్లాడని బైబిల్లో ఉంది. ఆ నలభై రోజుల్లో ఆయన ఏం చేశాడు? తనను చంపించిన అధికారుల ముందు నిలబడి గెలిచానని చెప్పలేదు. తనవాళ్లను వెతుక్కుంటూ పోయాడు.

మగ్దలేనే మరియ సమాధి దగ్గర ఏడుస్తోంది. ఆయన్ను చూసి తోటమాలి అనుకుంది. పేరు పెట్టి పిలిచాకే గుర్తుపట్టింది. ఇద్దరు శిష్యులు ఆశ వదులుకుని ఎమ్మాయు ఊరికి నడిచిపోతున్నారు. అది సుమారు 11 కిలోమీటర్లు, అంటే మన మన్సూరాబాద్ నుంచి కోఠి దాకా నడిచినంత. ఆయన వాళ్ల పక్కనే నడుస్తూ వాళ్ల బాధంతా విన్నాడు. గాయాలు చూస్తే గానీ నమ్మనన్నాడు తోమా. ఆయన కోప్పడి పంపెయ్యలేదు, గాయాలే చూపించాడు. ఇక పేతురు. పట్టుబడిన రాత్రి మంట దగ్గర చలి కాచుకుంటూ, ఆయనెవరో తెలీదని మూడుసార్లు అబద్ధమాడాడు. అలాంటివాడికి చెరువు ఒడ్డున మళ్లీ బొగ్గుల మంట వేసి, చేపలు కాల్చి, తినడానికి పిలిచాడు. తిన్న తర్వాత, నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగి, పని అప్పగించాడు.

చర్చిలో 'ప్రభువుతో వ్యక్తిగత సహవాసం' అనే మాట చాలాసార్లు వింటాం. నాకు అర్థమైనంతలో అది ఇదే. ఏడుపు ఉంటే ఏడుపుతో, అనుమానం ఉంటే అనుమానంతో, తప్పు చేస్తే ఆ తప్పుతోనే ఆయన ముందుకు పోవడం. కంఠతా వచ్చిన ప్రార్థన గబగబా చదివి పడుకుంటే మాట కలవదు. లూకా 24, యోహాను 20, 21 అధ్యాయాలు రోజుకు కొంచెం నిదానంగా చదవాలి. అందులో నేను ఎవరిలాగ ఉన్నానో చూసుకోవాలి. మనసుకు తగిలింది ఆ రోజే చెయ్యాలి.

నాకు తగిలింది పేతురు కథ. జనవరిలో నీళ్ల ట్యాంకు కుళాయి విరిగింది గదా? విరగ్గొట్టింది నేనే. అడిగితే "నాకు తెల్వదు సార్" అన్నాను. ఆ నింద ఆరో తరగతి తమ్ముడి మీద పడింది. నేను నోరు మెదపలేదు. అప్పట్నుంచి ప్రార్థనకు కూర్చుంటే ఆ పిల్లాడి మొహమే గుర్తొచ్చేది. ఈ వ్యాసం రాయకముందు సార్ దగ్గరికీ, వాడి దగ్గరికీ పోయి చెప్పాను. సార్ నన్ను ఒక నిమిషం చూసి, కొత్త కుళాయి బిగిస్తుంటే పైపు పట్టుకోమన్నారు. తమ్ముడు మాత్రం నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. అది వాడి ఇష్టం. నేను రోజూ పలకరిస్తున్నాను. ప్రార్థనలో ఇప్పుడు దాచిపెట్టుకునేది ఏమీ లేదు.

మిత్రులారా, ఈ నలభై రోజుల్లో కొన్ని మనకు ఎండాకాలం సెలవుల్లో పడతాయి. ఇంటి దగ్గర ప్రార్థన బెల్లు ఉండదు, లేపేవాళ్లు ఉండరు. మన సహవాసం బెల్లు కోసమా, ఆయన కోసమా అన్నది అక్కడే తేలుతుంది. మన హాస్టల్లో వేరే దేవుళ్లను కొలిచేవాళ్లు కూడా ఉన్నారు. ఈస్టర్ అంటే ఏమిటో మీకూ తెలియాలనే ఇదంతా రాశాను. ఊరికి పోయేలోపు మీరు కూడా ఎవరికైనా చెప్పాల్సిన మాట ఉంటే చెప్పి పోండి.

అందరికీ ఈస్టర్ శుభాకాంక్షలు.