అవ్వ సంతకం

దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువు ఉంది. వానలు పడగానే అక్కడికి గూడబాతులు వస్తాయి. నీళ్లలో ఉన్న కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. పిల్లల్ని పెంచుతాయి. రెక్కలు రాగానే పిల్లలు ఎగిరిపోతాయి. తల్లి పక్షి వాటిమీద ఆశ పెట్టుకోదు.

మనిషి సంగతి అట్లా కాదు. ముసలితనంలో మనిషికి మనిషి కావాలి. అన్నం వండిపెట్టాలి. మందులు తెచ్చివ్వాలి. మంచాన పడితే లేపి కూర్చోబెట్టాలి. ఈ పనులు ఎవరు చేస్తారు? ఖర్చు ఎవరు పెడతారు? ఈ మాటలు ఒళ్లు బాగున్నప్పుడే మాట్లాడుకోవాలి.

కొడుకు అడిగాడు

దొరవారిసత్రం మండలంలో ఒక అవ్వ ఉందనుకుందాం. ఆమె భర్త చనిపోయాడు. ఆమె పేరు మీద ఎకరం పొలం, రెండు గదుల ఇల్లు ఉన్నాయి. కొడుకు శ్రీసిటీలో పని చేస్తాడు. కూతుర్ని నాయుడుపేటలో ఇచ్చారు. అవ్వ చదువు కేంద్రానికి పోయి అక్షరాలు నేర్చుకుంది.

ఒకరోజు కొడుకు అన్నాడు. "అమ్మా, ఇల్లూ పొలం నా పేరు మీద రాసెయ్యి. నిన్ను నేను చూసుకోనా?"

కొడుకు మంచివాడే. అవ్వకు నమ్మకం ఉంది. "అట్నే రాస్తాలే అబ్బయా. కాగితం నాకు చూపించు. చదువుకుని సంతకం పెడతా" అంది.

అవ్వ అన్న ఆ చివరి మాట చాలా గొప్ప మాట. ఎందుకో చూద్దాం.

దానం వేరు, వీలునామా వేరు

ఆస్తి ఇచ్చేదానికి ముఖ్యంగా రెండు దారులు ఉన్నాయి.

మొదటిది దానపత్రం. దీన్నే కొందరు సెటిల్‌మెంటు అంటారు. దీన్ని సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేస్తారు. రిజిస్టరు అయ్యాక ఆస్తి తీసుకున్నవాళ్లది అవుతుంది. ఇచ్చినవాళ్లు మనసు మార్చుకున్నా మామూలుగా తిరిగి రాదు.

రెండోది వీలునామా. ఇది రాసినవాళ్లు చనిపోయాకే అమలు అవుతుంది. బతికి ఉన్నంత కాలం ఆస్తి వాళ్లదే. వీలునామాను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. చివరగా రాసిందే చెల్లుతుంది. తెల్ల కాగితం మీద రాసినా చెల్లుతుంది. ఇద్దరు సాక్షులు సంతకం చెయ్యాలి. ఆస్తి పొందేవాళ్లను సాక్షులుగా పెట్టకపోవడం మంచిది. రిజిస్టరు తప్పనిసరి కాదు. చేయిస్తే గొడవలు తగ్గుతాయి.

ఇంటికి, పొలానికి తొందర లేకపోతే వీలునామాయే మేలు. పెత్తనం చేతిలోనే ఉంటుంది.

ఒక్క వాక్యం విలువ

కొందరు బతికి ఉండగానే ఇవ్వాలనుకుంటారు. ఇవ్వచ్చు. కానీ కాగితంలో ఒక షరతు ఉండాలి.

2007లో ఒక చట్టం వచ్చింది. అది తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం. ఆ చట్టంలో 23వ సెక్షను ఉంది. చూసుకోవాలనే షరతు మీద 60 ఏళ్లు నిండినవాళ్లు ఆస్తి ఇచ్చారనుకోండి. తీసుకున్నవాళ్లు చూడకపోతే ఆ దానాన్ని రద్దు చేయించుకోవచ్చు.

2022లో సుప్రీం కోర్టు ఈ సెక్షను గురించి చెప్పింది. చూసుకోవాలనే షరతు మీదే ఆస్తి ఇచ్చినట్టు తేలాలి అంది. షరతు లేకపోతే ఈ సెక్షను పనికిరాదు.

మధ్యప్రదేశ్‌లో ఒక తల్లి 2019లో కొడుక్కి ఆస్తి దానం చేసింది. కొడుకు తనను చూస్తున్నాడని దానపత్రంలోనే రాసి ఉంది. చివరిదాకా చూస్తానని అదే రోజు కొడుకు రాసిచ్చిన కాగితం కూడా ఉందని ఆమె చూపింది. ఆ కాగితం నిజం కాదని కొడుకు వాదించాడు. కింద ఆమె గెలిచింది. హైకోర్టులో ఓడింది. మళ్లీ సుప్రీం కోర్టుకు పోయింది. 2025 జనవరి 2న సుప్రీం కోర్టు ఆ దానాన్ని రద్దు చేసింది. ఆస్తి తల్లికి తిరిగి ఇవ్వమంది.

ఆ తల్లిని కాపాడింది కాగితం మీద ఉన్న మాట. నోటి మాటకు సాక్ష్యం దొరకదు.

కాబట్టి దానపత్రంలో ఇట్లా రాయించుకోవాలి:

"నా కొడుకు నాకు తిండి, బట్ట, మందులు, ఉండే చోటు ఇవ్వాలి. జబ్బు పడితే సేవ చేయాలి. నన్ను జీవితాంతం చూసుకోవాలి. ఈ షరతు మీదే ఈ ఆస్తి ఇస్తున్నాను. నేను బతికినంత కాలం ఈ ఇంట్లో ఉండే హక్కు, పొలం మీద ఫలం తినే హక్కు నావే. చూసుకోకపోతే దీన్ని రద్దు చేసుకునే హక్కు నాకు ఉంది."

ఇంకొక సంగతి. పాత కాగితాల్లో నెల్లూరు జిల్లా అని ఉంటుంది. దొరవారిసత్రం మండలం 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరింది. కొత్త కాగితంలో జిల్లా పేరు, సర్వే నంబరు, హద్దులు సరిగ్గా ఉన్నాయా అని చూసుకోవాలి.

చూడకపోతే ఎవరికి చెప్పాలి?

ఆస్తి లేనివాళ్లకూ ఈ చట్టం పనికొస్తుంది. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు పిల్లల మీద అర్జీ పెట్టవచ్చు. కొడుకు మీద ఎంత బాధ్యత ఉందో కూతురి మీదా అంతే ఉంది. పెద్దవాళ్లయిన మనవళ్లు, మనవరాళ్ల మీదా ఉంది. పిల్లలు లేని ముసలివాళ్లు, తమ ఆస్తి పొందే బంధువుల మీద అర్జీ పెట్టవచ్చు.

అర్జీని ఆర్.డి.ఓ. దగ్గర ఇవ్వాలి. అక్కడ వృద్ధుల కోసం ట్రిబ్యునల్ ఉంటుంది. వకీలును పెట్టుకోవలసిన పని లేదు. నోటీసు ఇచ్చాక 90 రోజుల్లో తేల్చాలని చట్టం చెప్పింది. నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పించవచ్చు. ఇవ్వకపోతే నెల రోజుల వరకు జైలు వెయ్యవచ్చు.

14567 అనే నంబరు వృద్ధుల కోసం ఉంది. ఫోను చేస్తే డబ్బు పడదు. ఆడవాళ్లకు కోర్టు సాయం ఉచితం. దానికి 15100 నంబరుకు ఫోను చెయ్యాలి.

చేతిలో నాలుగు డబ్బులు

ఆంధ్రప్రదేశ్‌లో అర్హత ఉన్న వృద్ధులకు 2024 నుంచి నెలకు 4,000 రూపాయల పింఛను వస్తోంది. పక్షవాతంతో మంచం పట్టినవాళ్లకు 15,000 రూపాయలు. ఈ డబ్బు అవ్వది. ఆమె చేతికే రావాలి.

బ్యాంకు ఖాతాకు నామినీ పేరు రాయించాలి. నామినీ అంటే మనం పోయాక డబ్బు తీసుకునే మనిషి. పాసు పుస్తకం దగ్గరే ఉంచుకోవాలి. డబ్బు కోసం మిషను మీద వేలు పెట్టేముందు, దానిమీద ఉన్న అంకె చదవాలి.

చాకిరీ ఎవరిది?

చట్టంలో పిల్లలు అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలి పేరు అందులో లేదు. కానీ ఇంట్లో మంచం దగ్గర చాకిరీ ఎక్కువగా కోడలే చేస్తుంది. ఆమె కూలి పోతుంది. నిద్ర పోతుంది. ఆమెకు ఎవరూ మాట ఇవ్వరు.

అందుకని ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవాలి. డబ్బు ఎవరు పంపాలి? కూతురు ఏ నెల తీసుకుపోతుంది? చూసేవాళ్లకు ఏమి ఇవ్వాలి? కోడలికి కొంత ఇవ్వాలని ఉంటే, అది కూడా వీలునామాలో రాయవచ్చు.

అవ్వ ఏం చేసింది?

కొడుకు కాగితం తెచ్చాడు. దస్తావేజు లేఖరి బాగానే రాశాడు. అవ్వ కళ్లజోడు పెట్టుకుంది. వేలు కింద పెట్టుకుని ఒక్కో మాట చదివింది. హద్దులు ఉన్నాయి. సర్వే నంబరు ఉంది. చూసుకోవాలనే మాట మాత్రం లేదు.

"అబ్బయా, నువ్వు నోటితో చెప్పిన మాట ఇందులో లేదే?"

కొడుకు తల వంచుకున్నాడు. "నేను చూడనా అమ్మా?"

"చూస్తావు నాయనా. చూసేవాడికి ఆ మాట రాసేదానికి భయమెందుకు? రేపు నీ పిల్లలకూ ఇదే చెబుతా."

కోడలు లోపల్నుంచి వచ్చింది. "అత్త చెప్పింది నిజమే. రాయించుకుని రా" అంది. కొడుకు కాగితం తీసుకుని లేచాడు. వారం తర్వాత కొత్త కాగితం వచ్చింది. అవ్వ మళ్లీ మొదటి నుంచి చదివింది. తర్వాతే సంతకం పెట్టింది.

నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్లు చదువు నేర్చుకుంటూనే సారా మీద లేచారు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా ఆగింది. చదువు ఊరికి అంత పని చేసింది. ఇంట్లో ఒక కాగితం చదివేదానికి భయం ఎందుకు?

మాట్లాడుకోండి

1. మీ ఇంటి కాగితాలు ఎవరి పేరు మీద ఉన్నాయి? అవి ఎక్కడున్నాయి?
2. దానపత్రానికి, వీలునామాకు తేడా ఏమిటి?
3. మీ ఇంట్లో ముసలివాళ్లను ఎవరు చూస్తున్నారు? ఆమెకు ఎవరు సాయం చేస్తున్నారు?
4. 14567, 15100. ఈ నంబర్లు గోడమీద పెద్ద అంకెలతో రాయండి.